దారి తప్పిన పొర – తలుపు తీసిన గ్రాహకము

నెలనెలా వచ్చు కడుపునొప్పి ఆడువారికి సహజమనియు, పెండ్లియై బిడ్డ పుట్టిన యెడల అదే తగ్గుననియు పెద్దలు చెప్పుట కద్దు. కాని కొందరిని ఆ నొప్పి మంచముపైనుండి లేవనీయదు, సంతానమునకును అడ్డుపడును. దీని ముఖ్యకారణములలో ఒకటి ఎండోమెట్రియోసిస్. గర్భాశయపు లోపొరను పోలిన కణజాలము బయట, అండాశయములమీదను ఉదరపు పొరమీదను పెరుగుటయే ఈ వ్యాధి. సంతానయోగ్యమైన వయసు గల స్త్రీలలో నూటికి సుమారు 10 మందికి ఇది యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ కణములు అక్కడి కెట్లు చేరినవి? ముట్టు రక్తము కొంత వెనుకకు మరలి, అండవాహికల గుండా కడుపులోనికి పోవుటయే కారణమని అమెరికాలోని ఆల్బనీ నగర వైద్యుడు జాన్ శాంప్సన్ 1927లో చెప్పెను. అయితే ఇట్లు మరలుట చాలమంది స్త్రీలలో జరుగునని తరువాత తెలిసినది. మరి వ్యాధి కొందరికే యేల?

జవాబునకు దారి వేరొక చోట తెరచుకొనెను. ఈస్ట్రోజెన్ అను హార్మోను గర్భాశయమును పెంచునని అప్పటికే తెలియును; ఎట్లు పెంచునో తెలియదు. 1958లో చికాగోలో ఎల్వుడ్ జెన్సెన్, ఆ హార్మోనుకు ట్రిటియమను రేడియోధార్మిక గుర్తు తగిలించి ఎలుకల కిచ్చెను. రక్తముతోపాటు అది అన్ని అవయవములకు పోయినను, గర్భాశయము వంటి కొన్ని మాత్రమే దానిని పట్టి యుంచుకొన్నవి. పట్టి యుంచునది ఒక ప్రోటీను. దానికే గ్రాహకమని పేరు. హార్మోను తాళపుచెవి యైనచో గ్రాహకము తాళము. తాళము లేని యింట చెవికి పనిలేదు.

1996లో స్వీడన్ శాస్త్రజ్ఞులు రెండవ తాళమును, బీటా గ్రాహకమును, కనుగొనిరి. తరువాతి పరిశోధనలలో, దారి తప్పిన కణములలో ఈ బీటా గ్రాహకము మితిమీరి యున్నదనియు, ఈస్ట్రోజెన్‌ను అదుపుచేయు ప్రొజెస్టిరోన్‌కు తగిన గ్రాహకము తగ్గిపోయినదనియు తేలినది. బండికి పరుగు హెచ్చి, పగ్గము తెగినట్లే. ప్రొజెస్టిరోన్ జాతి మందులు కొందరికి గుణమిచ్చి, కొందరికి ఈయకపోవుటకు ఇది యొక కారణము.

పెరిగిన కణములకు రక్తము కావలెను. క్రొత్త రక్తనాళములను మొలిపించు ప్రోటీనొకటి గలదు. గర్భాశయ కణములలో దాని తయారీని ఈస్ట్రోజెన్ గ్రాహకములు ప్రేరేపించును. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారు 215 మంది రోగులను, వ్యాధి లేని 210 మందిని పోల్చి, ఆ ప్రోటీను జన్యువులోని ఒక్క అక్షరపు భేదమునకు దక్షిణ భారత స్త్రీలలో ఈ వ్యాధితో సంబంధ మున్నదని 2005లో ప్రకటించిరి. ఇది వ్యాధిని నిర్ణయించు పరీక్ష కాదు. కారణములలో ఒకదాని జాడ మాత్రమే.

తాళము మార్చు మందులకై అన్వేషణ సాగుచున్నది. ఈలోగా ఒక సంగతి స్పష్టము. ఒంటిమిట్టయందైనను చికాగోయందైనను ఈ నొప్పి కర్మఫలము కాదు, నటన అంతకన్న కాదు. దానికి కణములలో కారణ మున్నది. కావున బడి మానిపించునంతటి నొప్పి కలిగిన పిల్లను ఓర్చుకొమ్మనుటకంటె, వైద్యునివద్దకు తీసికొనిపోవుటయే మేలు.