డీబీఎంఎస్: దక్షిణాది మహిళల సంఘం పేరు మోస్తున్న జంషెడ్‌పూర్ బడి, అక్కడ చదివిన ప్రముఖులు

నటుడు మాధవన్, దర్శకుడు ఇంతియాజ్ అలీ, మాజీ మిస్ ఇండియా తనుశ్రీ దత్తా. ఈ ముగ్గురి సొంత ఊరు ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్. ముగ్గురూ చదివిన బడి కూడా ఒకటే: కదమా ప్రాంతంలోని డీబీఎంఎస్ ఇంగ్లిష్ స్కూల్.

ఇంజినీరింగ్ చదివినవారికి డీబీఎంఎస్ అనగానే డేటాబేస్ సబ్జెక్టు గుర్తొస్తుంది. ఇక్కడ దాని అర్థం వేరు. దక్షిణ భారత్ మహిళా సమాజ్ అనే పేరులోని తొలి అక్షరాలవి. ఉక్కు నగరానికి వలస వెళ్లిన దక్షిణాది కుటుంబాల మహిళల సంఘం నడిపిన బడి ఇది.

ఉత్తరాది పట్టణంలో దక్షిణాది సంఘం ఎందుకు?

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చి అనే పల్లె దగ్గర కర్మాగారం కట్టి, 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలుపెట్టారు. 1919లో అప్పటి వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

కొత్త ఊరు కావడంతో అక్కడికి వచ్చినవారిలో ఎక్కువమంది బయటివారే. బిహారీలు, బెంగాలీలు, ఒడియావారు, పంజాబీలు, తమిళులు, మలయాళీలతో పాటు తెలుగువారూ వెళ్లారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ రైలెక్కినవారికి టాటానగర్ ఒక గమ్యమైంది. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఆ వలసకు ఇప్పటికీ కనిపించే గుర్తు.

ఇలాంటి ఊళ్లో పిల్లల్ని ఏ భాషలో చదివించాలన్నది ప్రతి ఇంటి సమస్యే. ఇంట్లో ఒక భాష, వీధిలో హిందీ, కంపెనీ ఆఫీసులో ఇంగ్లిష్. తండ్రికి బదిలీ అయినా, పిల్లలు పై చదువులకు వేరే రాష్ట్రం వెళ్లినా ఆగిపోని చదువు కావాలి. చర్చి సంస్థల బడులు ఈ అవసరాన్ని కొంత తీర్చాయి. జెస్యూట్ ఫాదర్లు స్థాపించిన లయోలా స్కూల్ 1947 నుంచి ఉంది. డీబీఎంఎస్ అలా కాకుండా ఒక మహిళా సంఘం చేతుల మీదుగా నడిచిన బడి. అదే సంఘం పేరుతో కదమా హైస్కూల్, ఉపాధ్యాయ శిక్షణ కళాశాల కూడా ఉన్నాయి.

ఎవరెవరు చదివారు?

ఆర్. మాధవన్: 1970లో పుట్టారు. తమిళ కుటుంబం. తండ్రి టాటా స్టీల్ ఉద్యోగి, తల్లి బ్యాంకు ఉద్యోగి. బడి చదువు తర్వాత కొల్హాపూర్‌లోని రాజారామ్ కళాశాలలో చేరారు. 'సఖి' (2000)తో తెలుగువారికి దగ్గరయ్యారు. 'సవ్యసాచి' (2018)లో ప్రతినాయకుడిగా నటించారు. ఆయన దర్శకత్వం వహించిన 'రాకెట్రీ' జాతీయ ఉత్తమ చిత్రంగా ఎంపికైనట్లు 2023లో ప్రకటించారు.

ఇంతియాజ్ అలీ: 1971లో పుట్టారు. కొంతకాలం పట్నాలో చదివి, తర్వాత ఈ బడికి వచ్చారు. ఆపై దిల్లీ హిందూ కళాశాలలో చేరి, నాటకాల్లో పనిచేశారు. 'జబ్ వియ్ మెట్' (2007), 'రాక్‌స్టార్' (2011), 'అమర్ సింగ్ చమ్కీలా' (2024) ఆయన సినిమాలు.

తనుశ్రీ దత్తా: బెంగాలీ కుటుంబం. 2004లో ఫెమినా మిస్ ఇండియా యూనివర్స్. తెలుగులో బాలకృష్ణతో 'వీరభద్ర'లో నటించారు. పదేళ్ల కిందట ఒక సినిమా సెట్‌లో తనను వేధించారంటూ ఆమె 2018లో చేసిన ఆరోపణలతోనే భారత్‌లో మీటూ చర్చ ఊపందుకుంది.

ఇషితా దత్తా: తనుశ్రీ చెల్లెలు. ఆమె తొలి సినిమా తెలుగు 'చాణక్యుడు' (2012). హిందీ 'దృశ్యం' (2015)తో గుర్తింపు వచ్చింది.

ఈ జాబితా ఏం చెబుతోంది?

నలుగురిలో దక్షిణాది ఇంటి పిల్లవాడు మాధవన్ ఒక్కరే. మిగతావారు బిహారీ ముస్లిం, బెంగాలీ కుటుంబాలవారు. దక్షిణాది మహిళల సంఘం బడి తమవారికే పరిమితం కాలేదు, ఊరందరిదీ అయింది.

అందుకు బోధనా భాష కూడా ఒక కారణం. తమిళమో తెలుగో మలయాళమో ఎంచుకుని ఉంటే మిగతా దక్షిణాదివారే చేరలేకపోయేవారు. ఇంగ్లిష్ ఎవరి ఇంటి భాషా కాదు కాబట్టి అందరికీ సమానమైంది. దానికి మూల్యమూ ఉంది. అమ్మ భాషలో చదవడం, రాయడం నేర్పే బాధ్యత ఇంటికి, గుడికి, భాషా సంఘాలకు మిగిలింది. ప్రవాస తెలుగు కుటుంబాలు ఎక్కడ స్థిరపడినా ఇదే చిక్కు ఎదుర్కొంటున్నాయి.

బడి గురించిన కథనాల్లో సినీతారల పేర్లు తప్పక ఉంటాయి. దాన్ని నడిపిన మహిళల పేర్లు అరుదుగా కనిపిస్తాయి. నాలుగు అక్షరాల్లో ఒకటైన 'ఎం' మహిళలదని తెలిసినవారు ఆ ఊరి బయట కొద్దిమందే.