హ్యూ లిండ్సే: జిద్దా దారి పట్టిన మొదటి పొగ ఓడ

హ్యూ లిండ్సే అనేది 1829లో బొంబాయి రేవులో కట్టిన సర్కారు ఆవిరి ఓడ. ఈస్టిండియా కంపెనీ సముద్ర దళంలో పనిచేసింది. 1830లో బొంబాయి నుంచి ఏడెన్, మోఖా, జిద్దా రేవుల మీదుగా సూయెజ్ దాకా వెళ్లింది. ఎర్ర సముద్రంలో పొగ వదులుతూ నడిచిన మొదటి ఓడ ఇదేనని చరిత్రలో పేరుంది.

మన తాతలు, ముత్తాతలు బొంబాయిలో జహాజ్ ఎక్కి హజ్‌కు వెళ్లొచ్చిన కథలు పల్నాడులో చాలా ఇళ్లలో ఉన్నాయి. నర్సరావుపేట అయినా, మాచర్ల అయినా, గురజాల అయినా ముందు బొంబాయి చేరుకోవాల్సిందే. అక్కడి నుంచి జిద్దాకు పొగ ఓడల దారి వేసింది ఈ చిన్న ఓడే. కానీ దాన్ని హాజీల కోసం కట్టలేదు. సర్కారు వారి ఉత్తరాల కోసం కట్టారు. ఆ తేడా వల్ల తర్వాత ఏం జరిగిందో తెలుసుకోవాలి.

ఒక్క చూపులో

- పేరు: హ్యూ లిండ్సే. కంపెనీ డైరెక్టర్ల సభకు అధ్యక్షుడిగా ఉన్నాయన పేరు పెట్టారు
- రకం: రెండు పక్కలా చక్రాలతో నడిచే ఆవిరి ఓడ, తెరచాపలు కూడా ఉండేవి
- కట్టిన చోటు: బొంబాయి డాక్‌యార్డు
- కట్టినవారు: నౌరోజీ జంషెట్‌జీ వాడియా
- నీళ్లలోకి దించిన రోజు: 14 అక్టోబరు 1829
- కొలత: 411 టన్నులు, పొడవు సుమారు 140 అడుగులు
- ఇంజన్లు: 80 గుర్రాల శక్తి గలవి రెండు, ఇంగ్లండు నుంచి తెచ్చినవి
- మొదటి కమాండరు: జాన్ విల్సన్

గాలి ఉంటేనే ప్రయాణం

ఆవిరి ఓడలు రాకముందు సముద్ర ప్రయాణమంతా గాలి చేతిలో ఉండేది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి మోఖా వైపు ఓడలు వెళ్లేవి. సరుకుతో పాటు హజ్ యాత్రికులూ వాటిలోనే వెళ్లేవారు. పల్నాడు పక్కనున్న కొండవీడు కూడా అప్పట్లో గోల్కొండ వారి చేతిలోనే ఉండేది. అంటే అరబ్బు దేశంతో మన తీరానికి రాకపోకలు ఇంగ్లిషు వాళ్లు రాకముందు నుంచే ఉన్నాయి.

ఇబ్బంది ఏమిటంటే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి అరేబియా సముద్రం మీద ఎదురు కొడుతుంది. అప్పుడు పడమటికి వెళ్లడం కుదరదు. చలికాలం గాలి మారాకే బయలుదేరాలి. ఎర్ర సముద్రంలోకి వెళ్లాక ఇంకో చిక్కు. జిద్దా దాటి పైకి పోతే ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్తరపు గాలే. అందుకే మన వైపు నుంచి వెళ్లే పెద్ద తెరచాప ఓడలు చాలావరకు జిద్దా దగ్గరే ఆగిపోయేవి. సూయెజ్ దాకా పోవాల్సిన సరుకు అక్కడ చిన్న పడవల్లోకి మారేది.

బొంబాయి సర్కారుకు ఈ పద్ధతి నచ్చలేదు. ఆఫ్రికా చుట్టూ తిరిగి లండన్ ఉత్తరం చేరాలంటే నాలుగైదు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టేది. ఎర్ర సముద్రం మీదుగా సూయెజ్ దాకా ఓడలో, అక్కడి నుంచి ఈజిప్టు దాటి మధ్యధరా సముద్రానికి పంపితే సగం కాలం కూడా పట్టదని లెక్క వేశారు. గవర్నరు సర్ జాన్ మాల్కం ఈ పని పట్టుకున్నారు. ఆయన 1798లో హైదరాబాదు రెసిడెన్సీలో పనిచేసినవారే. ఆయన తమ్ముడు చార్లెస్ మాల్కం బొంబాయి సముద్ర దళానికి పెద్ద. అన్నదమ్ములిద్దరూ కలిసి ఓడను నీళ్లలోకి దింపించారు.

కట్టినవారు మనవాళ్లే

బొంబాయి డాక్‌యార్డులో ఓడలు కట్టే పని తరతరాలుగా వాడియా అనే పార్సీ కుటుంబానిది. వాళ్ల టేకు ఓడలకు ఎంత మన్నిక ఉండేదంటే, 1817లో అదే యార్డులో తయారైన ట్రింకోమలీ అనే యుద్ధ నౌక ఇప్పటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నీటి మీద తేలుతూనే ఉంది.

హ్యూ లిండ్సే ఒళ్లు బొంబాయిది, ఇంజను ఇంగ్లండుది. ఇంజను నడవాలంటే బొగ్గు కావాలి. ఐదున్నర రోజులకు సరిపడా బొగ్గు పట్టేలా ఓడను కట్టారు. కానీ బొంబాయి నుంచి ఏడెన్‌కు సుమారు 1,640 మైళ్లు. ఐదున్నర రోజుల్లో అంత దూరం పోయే వేగం దానికి లేదు.

ఇంకో బాధ బాయిలరుది. అప్పటి బాయిలర్లలో సముద్రపు నీళ్లే పోసి కాచేవారు. లోపల ఉప్పు పెచ్చులు కట్టేది. మధ్యమధ్యలో ఉప్పు నీరు బయటికి వదిలి, కొత్త నీళ్లు తీసుకోవాలి. దాంతో ఇంకా బొగ్గు ఖర్చు. నిప్పు ముందు నిలబడి బొగ్గు వేసే పని చాలా కష్టమైనది. తర్వాతి రోజుల్లో బొంబాయి ఓడల్లో ఈ పని చేసినవాళ్లను ఆగ్‌వాలాలు అనేవారు. ఓడ పనివాళ్ల పెద్దను సారంగ్ అనేవారు. నదుల మీద లాంచీ నడిపేవాళ్లను మనం ఇప్పటికీ సరంగు అంటున్నామంటే ఆ మాట అక్కడిదే.

మొదటి సఫర్: 33 రోజులు

1830 మార్చి 20న హ్యూ లిండ్సే బొంబాయి నుంచి బయలుదేరింది. ఐదున్నర రోజుల బొగ్గు చాలదు కాబట్టి దానికి రెట్టింపు నింపారు. బొగ్గు అరలు నిండాయి, గదులు నిండాయి, పైన డెక్కు మీద కూడా పోశారు. బరువుకు ఓడ నీళ్లలోకి బాగా దిగిపోయింది. ప్రయాణికులకు చోటే లేకుండా పోయింది.

ఏడెన్ చేరడానికి 11 రోజులు పట్టింది. చేరేసరికి ఓడలో మిగిలింది ఆరు గంటలకు సరిపడా బొగ్గు. ఇంకో పూట ఆలస్యమైతే తెరచాపే దిక్కు.

ముందుగా తెరచాప ఓడల్లో పంపి రేవుల్లో నిల్వ పెట్టిన బొగ్గును దారిలో నింపుకుంటూ వెళ్లారు. ఆ బొగ్గు ఇంగ్లండు నుంచి ఆఫ్రికా చుట్టూ తిరిగి బొంబాయికి వచ్చి, మళ్లీ ఎర్ర సముద్రానికి వెళ్లిందే. ఏడెన్‌లో కూలీలు సరిగా దొరక్క ఎక్కించడానికే రోజులు పట్టాయి. అక్కడి నుంచి మోఖా, ఆ తర్వాత జిద్దా. అప్పట్లో హిజాజ్ ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ పాషా అధీనంలో ఉంది.

ఏప్రిల్ 22న సూయెజ్ చేరింది. మొత్తం 33 రోజులు. అందులో సుమారు 12 రోజులు బొగ్గు నింపుకోడానికే పోయాయి. నడిచింది 21 రోజులే. మే నెలాఖరుకు తిరిగి బొంబాయి వచ్చింది. ఎదురు గాలిలోనూ ఎర్ర సముద్రం పై చివరిదాకా ఓడ పోగలదని తేలిపోయింది.

ఖర్చు మీద గొడవ

లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు మాత్రం సంతోషం కలగలేదు. కొద్దిపాటి ఉత్తరాల కోసం ఇంత బొగ్గు తగలేస్తారా అని అభ్యంతరం పెట్టారు. అయినా బొంబాయి ఆగలేదు. 1830 డిసెంబరులో రెండో ప్రయాణం. పదవి దిగిపోయిన గవర్నరు మాల్కం ఇదే ఓడలో ఈజిప్టు తీరంలోని ఖుసైర్ దాకా వెళ్లారు. తర్వాత చలికాలంలో గాలి చూసుకుని ఓడ వెళ్లొస్తూ ఉండేది. 1836లో పర్షియన్ గల్ఫ్‌కు, బస్రా వైపు కూడా టపా మోసింది.

ఓడ ఒక్కటే ఉంటే చాలదు, పటం కూడా కావాలి. ఎర్ర సముద్రం ఒడ్డున పగడపు దిబ్బలు ఎక్కువ. జిద్దా రేవు ముందు కూడా అవే. అదే దళానికి చెందిన పాలినూరస్, బెనారెస్ అనే సర్వే ఓడలు 1829 నుంచి 1834 దాకా ఆ సముద్రమంతా లోతులు కొలిచి పటాలు గీశాయి. తర్వాత జిద్దా వెళ్లిన ఓడలకు ఆ పటాలే ఆధారం.

ఇదే కాలంలో మన దగ్గర ఏం జరుగుతోందో కూడా చూడాలి. 1832-33లో నందన నామ సంవత్సరం. గుంటూరు జిల్లాను నందన కరువు తుడిచిపెట్టింది. ఐదు లక్షల జనంలో సుమారు రెండు లక్షల మంది పోయారని లెక్క. టపా త్వరగా చేరాలని ఓడలు, బొగ్గు, పటాలు సిద్ధం చేసిన కంపెనీ, గుంటూరుకు గింజలు త్వరగా చేర్చే ఏర్పాటు మాత్రం చేసుకోలేదు. కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో గానీ రాలేదు.

1834లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఈ ఆవిరి దారి మీద విచారణ జరిపింది. 1837లో అటలాంటా, బెరెనీస్ అనే పెద్ద ఓడలు వచ్చాయి. ఒక్క ఓడ చేసిన ప్రయోగం కాస్తా నెల నెలా నడిచే టపా సర్వీసుగా మారింది.

దర్యా దౌలత్: హాజీల పేరు, బొగ్గు పని

టపా ఓడలు పెరిగేకొద్దీ దారిలో సొంత బొగ్గు రేవు కావాలని బొంబాయి సర్కారు కన్ను ఏడెన్ మీద పడింది. అది లహెజ్ సుల్తానుది. ఊరికే తీసుకోడానికి కుదరదు, ఏదో ఒక కారణం కావాలి.

1837 మొదట్లో దర్యా దౌలత్ అనే ఓడ ఏడెన్ దగ్గర ఒడ్డుకు కొట్టుకుని పగిలింది. అది మద్రాసులోని కర్ణాటక నవాబు కుటుంబానికి చెందిన ఓడ. సరుకుతో పాటు యాత్రికులు కూడా ఉన్నారు. ఒడ్డున ఉన్నవాళ్లు ఓడను దోచుకున్నారు. ఆడవాళ్లతో సహా యాత్రికులకు ఘోర అవమానం జరిగింది. సరుకు ఏడెన్ బజారులోనే అమ్ముడుపోయింది.

కర్ణాటక నవాబు అంటే ఆర్కాటు నవాబే. పల్నాడు 1801 దాకా ఆ నవాబుల ఏలుబడిలోనే ఉంది. ఆ ఏడే కర్ణాటకతో పాటు కంపెనీ చేతికి పోయింది.

కెప్టెన్ హేన్స్ నష్టపరిహారం అడగడానికని ఏడెన్ వెళ్లారు. మాట పరిహారం నుంచి రేవు అప్పగించడం దాకా వెళ్లింది. ఒప్పందం కుదరలేదు. 1839 జనవరి 19న ఫిరంగులు పేల్చి ఏడెన్ పట్టుకున్నారు. చెప్పుకున్నది యాత్రికులకు న్యాయం, దక్కింది బొగ్గు రేవు. యాత్రికులకు జరిగిన అన్యాయం నిజమే. దాన్ని వాడుకున్న తీరు కూడా నిజమే. రెండూ గుర్తుంచుకోవాలి.

హాజీలకు ఏం దక్కింది

పొగ ఓడల వల్ల మేలు జరగలేదని కాదు. గాలి కోసం నెలలు ఎదురుచూడాల్సిన పని తగ్గింది. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక ఎర్ర సముద్రంలో ఓడలు పెరిగాయి. 1877లో బొంబాయిలో మొదలైన ఒక కంపెనీ తర్వాత మొఘల్ లైన్‌గా పేరు పొంది, హాజీలను తీసుకెళ్లడంలో పెద్దదైంది.

కానీ రక్షణ ఏర్పాట్లు వెనకబడ్డాయి. ఓడ యజమానులు టికెట్ల కోసం జనాన్ని కుక్కి నింపారు. 1865లో హిజాజ్‌లో కలరా వచ్చి సుమారు 15 వేల మంది యాత్రికులు చనిపోయారని అంచనా. 1880లో సింగపూర్ నుంచి వస్తున్న జెద్దా అనే ఓడలో నీళ్లు చేరితే, కెప్టెను తొమ్మిది వందల పైచిలుకు యాత్రికులను నడిసముద్రంలో వదిలేసి పడవలో తప్పించుకున్నాడు. ఏడెన్ చేరి ఓడ మునిగిందని చెప్పాడు. మర్నాడే ఇంకో ఓడ దాన్ని లాక్కుంటూ రేవుకు తెచ్చింది, లోపల జనం బతికే ఉన్నారు.

ఇలాంటివి జరిగాకే నిబంధనలు గట్టిపడ్డాయి. 1882 నుంచి కమరాన్ దీవిలో యాత్రికులను ఆపి క్వారంటైన్ చేశారు. 1886లో సర్కారు థామస్ కుక్ కంపెనీకి హజ్ ప్రయాణ ఏర్పాట్లు అప్పగించింది. కొన్నేళ్లకే ఆ ఏర్పాటు ఆగిపోయింది. ఉత్తరాలకు 1830లో దొరికిన శ్రద్ధ, మనుషులకు దొరకడానికి యాభై ఏళ్లు పట్టింది.

దళం పేర్లు, దారి చివర

హ్యూ లిండ్సేను కట్టినప్పుడు దాని దళం పేరు బొంబాయి మెరైన్. కాపలా కాయడం, సముద్ర దొంగలను ఆపడం, సర్వే చేయడం దాని పనులు. 1830లో ఇండియన్ నేవీ అయింది. 1863లో ఆ పేరు తీసేశారు. 1892లో రాయల్ ఇండియన్ మెరైన్, 1934లో రాయల్ ఇండియన్ నేవీ అయింది. 1950 జనవరి 26 నుంచి భారత నౌకాదళం.

బొంబాయి నుంచి జిద్దాకు హజ్ ఓడలు 1995 దాకా నడిచి ఆగిపోయాయి. ఇప్పుడంతా విమానాలే. 2023లో మన గన్నవరం నుంచే హజ్ విమానాలు బయలుదేరాయి. హ్యూ లిండ్సేకు ఏడెన్‌కే 11 రోజులు పడితే, ఇప్పుడు జిద్దాకు కొన్ని గంటలే. ఇంట్లో పెద్దల పాత జహాజ్ టికెట్టు, హజ్ పాసు, ఉత్తరం ఏదైనా ఉంటే పారేయకండి. సర్కారు రికార్డుల్లో ఓడల పేర్లు దొరుకుతాయి, అందులో వెళ్లిన మనవాళ్ల పేర్లు ఇళ్లలోనే దొరకాలి.