ద్వారముకడ నిలిచిన బాలిక

1923 డిసెంబరులో కాకినాడయందు అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగినది. అచ్చటి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ పదునాలుగేండ్ల బాలిక యొకతె స్వచ్ఛంద సేవికగా నిలిచియుండెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకిచ్చిన ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేక రాగా ఆమె ఆయనను సయితము ఆపెను. నిర్వాహకులు టిక్కెట్టు కొనితెచ్చిన పిదపనే దారి యిచ్చెను. నెహ్రూ ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకొనెను. ఆ బాలికయే దుర్గాబాయి.

ఈ కథను మనము సాహసగాథగా చెప్పుకొందుము. అయితే ఆమె యప్పటికే తాను నేర్చిన హిందీని తోడి స్త్రీలకు బోధించుచుండెనని తరచు మరతుము. నియమ మెల్లవారికి నొక్కటే యనుట, తనకు వచ్చినది పదుగురికి పంచుట: ఈ రెండును ఆమెకు చిన్ననాటి సేవ నేర్పిన పాఠములు. రాజ్యాంగ పరిషత్తులో స్త్రీల ఆస్తిహక్కుకై పలికిన కంఠమున మొదటిది వినవచ్చును. 1937లో మద్రాసున స్థాపించిన ఆంధ్ర మహిళాసభయందును, 1953లో తొలి అధ్యక్షురాలిగా నడపిన కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునందును రెండవది కనవచ్చును.

నేడు మనమును బిడ్డలకు సేవాకార్యము లప్పగించుచున్నాము. గొప్పవారు వచ్చినపుడు మనమే నియమమును సడలించినచో, ఆ బిడ్డలు సేవకు మారుగా వెరపును నేర్తురు.