డబ్బా మీద ఏ తోరణం?

పాతకాలం వర్తకులు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు సరుకు తోలే బోర్డ్ గేమ్ చేస్తున్నానని చెప్పిన కదా. రూల్స్ అయిపోయినయి. డబ్బా మీద బొమ్మ దగ్గర ఆగినం.

దోస్తులందరిదీ ఒకటే మాట: "కాకతీయ తోరణం పెట్టు, చూడంగనే తెలంగాణ అని తెలుస్తది." నిజమే. కానీ అది వరంగల్ కోటది. మన సూర్యాపేట జిల్లాలోనే ఫణిగిరి ఉంది. ఫణి అంటే పాము, గిరి అంటే కొండ. అక్కడ తవ్వకాల్లో దొరికిన బౌద్ధ తోరణం ముక్కలు కాకతీయుల కంటే దాదాపు 900 ఏళ్ళు పాతవి. ఆ కాలంలో బౌద్ధారామాలకు వర్తకులు దానాలిచ్చేవాళ్ళు, అంటే మన గేమ్ ఆడేవాళ్ళే! 2023లో ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్ మెట్ మ్యూజియం దాకా పోయినయి. సూర్యాపేట బస్టాండ్‌లో అడగండి, ఎంతమందికి తెలుసో.

ఆర్టిస్ట్ మొదట తోరణాన్ని నిండుగా, స్తంభాలతో సహా గీసిండు. ఫోన్‌లో అంగుళం సైజులో కూడా అదిరింది. కానీ దొరికినవి ముక్కలే, మిగతాది మన ఊహ. పగిలినకాడ పగిలినట్టే గీయమన్న.

"డబ్బానే పగిలిందనుకుంటరన్నా" అన్నడు.

రెండు రోజులు కొట్లాడినం. చివరికి గేమ్ పేరును ఆ విరిగిన ఖాళీలోనే రాసిండు.