గర్భిణికి బీపీ తగ్గినా ఐసీయూలోనే ఎందుకు ఉంచుతారు? డాక్టర్లు వేసే మార్కుల లెక్క ఇదీ..

తిరుపతి: ‘బీపీ తగ్గిందన్నారు కదా.. ఇంకా ఐసీయూ ఎందుకు?’ ప్రీఎక్లాంప్సియాతో చేరిన గర్భిణి ఇంటివాళ్లకు వచ్చే మొదటి డౌట్ ఇదే. చిత్తూరు, పలమనేరు, పీలేరు వైపు నుంచి కష్టమైన కాన్పు కేసులను తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్ లాంటి చోట్లకు రిఫర్ చేస్తుంటారు. ఐసీయూలో డాక్టర్లు బీపీ ఒక్కటే చూడరు. మరి ఏం చూస్తారో తెలుసుకుందాం.

అసలు ఏంటీ జబ్బు?

గర్భం 20 వారాలు దాటాక బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా, కిడ్నీ, లివర్ లాంటివి దెబ్బతింటున్నా ప్రీఎక్లాంప్సియా అంటారు. బీపీ 160/110కి చేరితే తీవ్రమైనట్టు లెక్క. దీనికి ఫిట్స్ తోడైతే ఎక్లాంప్సియా. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది దీన్నే.

మార్కులు ఎలా వేస్తారు?

ఐసీయూలో ఎక్కువగా వాడేది సోఫా స్కోరు. ఊపిరితిత్తులు, ప్లేట్‌లెట్లు, లివర్, రక్తప్రసరణ, మెదడు, కిడ్నీలు.. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. మొత్తం 24. ఇక్కడ మార్కులు పెరిగితే ప్రమాదం పెరిగినట్టు.

అయితే ఇందులో ఓ చిక్కుంది. బీపీ పడిపోతేనే సోఫాలో మార్కులు పడతాయి, పెరిగితే సున్నానే. క్రియాటినిన్ 1.2 లోపుంటే కూడా సున్నానే. కానీ గర్భిణికి అది 1.1 దాటితేనే డేంజర్ సిగ్నల్. ప్లేట్‌లెట్లు లక్ష లోపుకు పడిపోయినా అంతే. 1985 నాటి అపాచీ-2 స్కోరుదేమో ఇంకో సమస్య. గర్భిణుల విషయంలో ఉన్న ముప్పు కంటే ఎక్కువ చూపిస్తుంది.

అందుకే 2011లో ప్రీఎక్లాంప్సియా కోసమే ఫుల్‌పియర్స్ అనే లెక్క వచ్చింది. ఎన్నో వారం, ఛాతీ నొప్పి లేదా ఆయాసం, ఆక్సిజన్ శాతం, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, లివర్ ఎంజైమ్ ఏఎస్‌టీ.. ఈ ఆరింటితో వచ్చే 48 గంటల్లో తల్లికి ముప్పు ఎంతో అంచనా వేస్తారు. ఇందులోనూ బీపీ లేదు!

అలాగని బీపీని వదిలేయరు. అదుపు తప్పితే మెదడులో రక్తస్రావం కావచ్చు. మందులతో బీపీ దిగినా లోపల జబ్బు నడుస్తూనే ఉండొచ్చు. అందుకే రక్త పరీక్షలు మళ్లీ మళ్లీ చేస్తారు.

ఇంటివాళ్లు ఏం చేయాలి?

* తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పైకడుపులో నొప్పి, ఆయాసం, మూత్రం తగ్గడం.. వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

* రిఫర్ చేస్తే ఎంసీపీ కార్డు, చీటీ తప్పక తీసుకెళ్లాలి. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఎంత, ఎన్నింటికి ఇచ్చారో అందులో రాయించుకోవాలి. లేదంటే డోసు ఎక్కువై ఊపిరికే ఇబ్బంది కావచ్చు.

* కాన్పు అయిపోయింది కదా అని తొందరపడి ఇంటికి తీసుకెళ్లొద్దు. బిడ్డ పుట్టాక కూడా ఫిట్స్ రావచ్చు. ‘బీపీ ఎంత?’ అనే కాదు.. ‘ప్లేట్‌లెట్లు, కిడ్నీ, లివర్ ఎలా ఉన్నాయి సార్?’ అని కూడా అడగండి.