మైదానం వీడిన క్లబ్బు: వింబుల్డన్ ఫుట్‌బాల్ చరిత్రలో స్థలం, పేరు, వారసత్వం

ప్రస్తావన

సంస్థల చరిత్రను రచించేవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. ఒక సంస్థ తన స్థలాన్ని, పేరును, సభ్యులను ఒక్కొక్కటిగా కోల్పోతూ వచ్చినప్పుడు, ఏ దశ వరకు దానిని ఆ సంస్థగానే పరిగణించాలి? నాటక సమాజాలు, గ్రంథాలయాలు, పాఠశాలల చరిత్రలలోనూ ఈ ప్రశ్న ఉన్నదే. అయితే ఫుట్‌బాల్ క్లబ్బుల విషయంలో ఇది మరింత స్పష్టమైన రూపం ధరిస్తుంది. క్లబ్బు చట్టం దృష్టిలో ఒక కంపెనీ. పోటీల నిర్వాహకుల దృష్టిలో లీగ్‌లో ఒక స్థానం. అభిమానుల దృష్టిలో ఒక ఊరి పేరు, ఒక మైదానం. ఈ మూడూ కలిసి ఉన్నంతకాలం ప్రశ్న పుట్టదు. అవి విడిపోయిన నాడు చరిత్ర ఎవరిదన్న వివాదం మొదలవుతుంది.

తెలుగు పాఠకులకు టెన్నిస్ ద్వారా పరిచితమైన లండన్ శివారు వింబుల్డన్‌లో, ఫుట్‌బాల్ క్లబ్బు విషయమై ఇటువంటి వివాదమే తలెత్తింది. 1991 నుండి 2020 వరకు సాగిన ఆ పరిణామాన్ని పరిశీలించి, క్లబ్బు చరిత్రకు వారసులు ఎవరో నిర్ణయించడానికి ఏ ఆధారాలు ఉపకరిస్తాయో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్థలమార్పుకు పూర్వోదాహరణలు

క్లబ్బులు మైదానాలు మారడం ఇంగ్లండులో కొత్త సంగతి కాదు. 1886లో ఆగ్నేయ లండన్‌లోని ఆయుధ కర్మాగార కార్మికులు స్థాపించుకొన్న ఆర్సెనల్ క్లబ్బు, 1913లో థేమ్స్ నదిని దాటి ఉత్తర లండన్‌లోని హైబరీకి తరలిపోయింది. ఆ తరువాత పేరులోని 'వూలిచ్' అనే స్థలనామాన్ని కూడా విడిచిపెట్టింది. అయినా ఆ క్లబ్బు అవిచ్ఛిన్నతను నేడు ఎవరూ ప్రశ్నించడం లేదు. కొత్త చోట కొత్త అభిమాన సమూహం ఏర్పడింది. అంతకన్న ముఖ్యంగా, పాత చోట క్లబ్బు చరిత్ర తమదని చెప్పే ప్రత్యర్థి క్లబ్బు నిలదొక్కుకోలేదు.

చార్ల్‌టన్ అథ్లెటిక్ చరిత్ర ఇందుకు భిన్నమైనది. 1985లో ఆ క్లబ్బు తన 'వ్యాలీ' మైదానాన్ని విడిచి, క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బుకు చెందిన సెల్‌హర్స్ట్ పార్క్‌లో ఆడసాగింది. అభిమానులు ఈ ప్రశ్నను స్థానిక రాజకీయాలలోకి తీసుకువెళ్లారు. 1990 మే నెలలో జరిగిన గ్రీనిచ్ బరో ఎన్నికలలో 'వ్యాలీ పార్టీ' పేరుతో పోటీచేసి 14,838 ఓట్లు సాధించారు. ఒక్క స్థానమూ గెలవకపోయినా, పాత మైదానం పునరుద్ధరణకు ఆ ఓట్లే బలమయ్యాయి. 1992 డిసెంబరులో క్లబ్బు వ్యాలీకి తిరిగివచ్చింది. ఇక్కడ కంపెనీ, పేరు, అభిమానులు విడిపోలేదు. స్థలం మాత్రమే కొంతకాలం దూరమైంది.

వింబుల్డన్ ఉదంతం ఈ రెండింటిలో దేనికీ చెందనిది.

ప్లౌ లేన్ నుండి ప్రవాసం

వింబుల్డన్ క్లబ్బు 1889లో ఒక పాఠశాల పూర్వవిద్యార్థుల జట్టుగా మొదలైంది. 1912 నుండి ప్లౌ లేన్ దాని సొంత మైదానం. చాలాకాలం లీగ్ వెలుపలి పోటీలలోనే ఆడిన ఈ క్లబ్బుకు 1977లో ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రవేశం లభించింది. అటుపై తొమ్మిదేళ్లకే, 1986లో, అగ్రశ్రేణి డివిజన్‌కు చేరింది. 1988 మే 14న వెంబ్లీలో జరిగిన ఎఫ్.ఏ. కప్పు అంతిమ పోటీలో నాటి లీగ్ విజేత లివర్‌పూల్‌ను 1–0 తేడాతో ఓడించింది. ఏకైక గోల్ లారీ సాంచెజ్ సాధించినది. జాన్ ఆల్డ్రిడ్జ్ తన్నిన పెనాల్టీని గోల్‌కీపర్ డేవ్ బీసంట్ అడ్డుకొన్నాడు.

ఈ విజయం తరువాత మూడేళ్లకే క్లబ్బు సొంత మైదానాన్ని వీడింది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మంది మరణానికి కారణమైంది. దానిపై విచారణ జరిపిన న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో తుది నివేదిక సమర్పించారు. దాని పర్యవసానంగా పై రెండు డివిజన్ల మైదానాలలో ప్రేక్షకులందరికీ కుర్చీలు ఉండాలన్న నిబంధన వచ్చింది. చాలావరకు నిలబడి చూసే అరుగులతో ఉన్న ప్లౌ లేన్‌ను ఆ స్థాయికి తేవడం సాధ్యం కాదని యాజమాన్యం నిర్ణయించింది. 1991లో క్లబ్బు సెల్‌హర్స్ట్ పార్క్‌కు అద్దెకు వెళ్లింది. తాత్కాలికమని చెప్పిన ఆ ఏర్పాటు పన్నెండేళ్లు సాగింది. ఈలోగా ప్లౌ లేన్ స్థలం ఒక సూపర్‌మార్కెట్ సంస్థకు అమ్ముడైంది. అక్కడ అంగడి వెలవలేదు. కట్టడాలను 2002లో కూల్చివేశారు, తరువాత నివాసగృహాలు లేచాయి.

ప్రజల భద్రత కోసం వచ్చిన సంస్కరణను ఈ ప్రవాసానికి మూలకారణంగా చూపడం సరికాదు. అదే నిబంధనను పాటిస్తూనే చార్ల్‌టన్ తన మైదానానికి తిరిగిరాగలిగింది. భూమి యాజమాన్యం ఎవరి చేతిలో ఉంది, దానిని క్రీడకే ఉంచాలన్న పట్టుదల ఎవరికి ఉంది అన్నవే రెండు క్లబ్బుల దారులను వేరుచేశాయి. మైదానం చేజారిన క్షణం నుండి వింబుల్డన్ క్లబ్బు ఎక్కడికైనా తరలించగల ఆస్తిగా మారింది. 1990ల చివరలో దానిని డబ్లిన్‌కు తరలించాలన్న ప్రతిపాదన వినిపించడమే ఇందుకు నిదర్శనం.

2002 నాటి నిర్ణయం

2000లో క్లబ్బు అగ్రశ్రేణి నుండి దిగజారింది. 2001 ఆగస్టులో యాజమాన్యం మిల్టన్ కీన్స్‌కు తరలిపోవాలన్న ఉద్దేశాన్ని ప్రకటించింది. 1967లో ప్రభుత్వం ప్రణాళికాబద్ధంగా నిర్మాణానికి ఎంచుకొన్న ఈ కొత్త పట్టణం వింబుల్డన్‌కు సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉంది. లీగ్ తొలుత నిరాకరించింది. యాజమాన్యం పట్టు విడువలేదు. చివరకు ముగ్గురు సభ్యుల స్వతంత్ర సంఘం 2002 మే 28న ఇద్దరు అనుకూలంగా, ఒకరు ప్రతికూలంగా, తరలింపునకు అనుమతి ఇచ్చింది. అభిమానులు కొత్త క్లబ్బు స్థాపించుకోవడం ఫుట్‌బాల్ విస్తృత ప్రయోజనాలకు అనుగుణం కాదన్న భావం కూడా ఆ నిర్ణయపత్రంలో చోటు చేసుకొంది.

సంఘం ముందున్న వాదనలలో క్లబ్బును ఆర్థికంగా బతికించడం ఒకవైపు, క్లబ్బుకు ఊరితో గల బంధం మరొకవైపు నిలిచాయి. సంఘం మొదటిదానికి ప్రాధాన్యం ఇచ్చింది. కంపెనీ బతికితే క్లబ్బు బతికినట్లేనన్న సమీకరణం ఈ తీర్పుకు పునాది. తరువాతి చరిత్ర ఆ సమీకరణాన్ని రెండువైపులా పరీక్షించింది.

ఒకే చరిత్రకు ఇద్దరు వారసులు

నిర్ణయం వెలువడిన రెండు రోజులకే, మే 30న, అభిమానులు ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ పేరుతో కొత్త క్లబ్బును స్థాపించారు. జూన్ నెలలో వింబుల్డన్ కామన్ బయలులో ఎంపిక పోటీలు నిర్వహించగా 230 మంది ఆటగాళ్లు హాజరయ్యారు. యాజమాన్యం డాన్స్ ట్రస్ట్ అనే అభిమానుల సంస్థ చేతిలో ఉంచారు; అందులో ప్రతి సభ్యునికి ఒకే ఓటు. జట్టు పొరుగునున్న కింగ్‌స్టన్‌లోని కింగ్స్‌మెడోలో ఆడుతూ, కంబైన్డ్ కౌంటీస్ లీగ్ వంటి అట్టడుగు పోటీల నుండి ప్రయాణం మొదలుపెట్టింది.

మరోవైపు, చట్టప్రకారం పాత క్లబ్బు అయిన కంపెనీ 2003 జూన్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అదే సంవత్సరం సెప్టెంబరులో జట్టు మిల్టన్ కీన్స్ చేరి అక్కడి హాకీ మైదానంలో ఆడసాగింది. 2004లో పీట్ వింకిల్‌మన్ నాయకత్వంలోని వర్గం దానిని కొని, మిల్టన్ కీన్స్ డాన్స్ అని పేరు మార్చింది. క్లబ్బును బతికించడానికి అనుమతించిన తరలింపు రెండేళ్లలోనే దివాలాతో, పేరుమార్పుతో ముగిసింది.

అప్పటినుండి 1988 కప్పు విజయం ఎవరిదన్న వివాదం నడిచింది. లీగ్ స్థానపు వారసత్వం మిల్టన్ కీన్స్‌ది. స్మృతి వారసత్వం కొత్త వింబుల్డన్‌ది. 2007 ఆగస్టులో, అభిమాన సంఘాల సమాఖ్యతో కుదిరిన ఒప్పందం మేరకు, మిల్టన్ కీన్స్ క్లబ్బు కప్పు ప్రతిరూపాన్ని, ఇతర స్మారక చిహ్నాలను వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరోకు అప్పగించింది. తన చరిత్ర 2004తోనే మొదలవుతుందని అంగీకరించింది.

ఈ అప్పగింత చరిత్రకారునికి విలువైన ఆధారం. చట్టపరమైన వారసుడే వారసత్వాన్ని వదులుకొన్నాడు. స్వీకరించినది మరో ఫుట్‌బాల్ కంపెనీ కాక ఆ స్థలానికి ప్రాతినిధ్యం వహించే స్థానిక పాలక సంస్థ కావడం మరింత గమనార్హం. చరిత్ర ఊరికి చెందుతుందన్న భావనకు ఇది లిఖిత సాక్ష్యం.

ఎ.ఎఫ్.సి. వింబుల్డన్ తొమ్మిది సీజన్లలో ఐదు పదోన్నతులు సాధించి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రవేశించింది. 2020 నవంబరు 3న, పాత మైదానానికి కూతవేటు దూరంలో, పూర్వం గ్రేహౌండ్ పందేలు జరిగిన స్థలంలో నిర్మించిన కొత్త ప్లౌ లేన్‌లో డోన్‌కాస్టర్ రోవర్స్‌తో తొలి ఆట ఆడి 2–2తో ముగించింది. నిర్మాణానికి కావలసిన ధనంలో కొంత అభిమానులకు అమ్మిన బాండ్ల ద్వారా సమకూరింది. కోవిడ్ ఆంక్షల వల్ల ఆ రోజు ప్రేక్షకులకు ప్రవేశం లేదు. ఇరవై తొమ్మిదేళ్ల తరువాత ఊరికి తిరిగివచ్చిన జట్టు ఖాళీ కుర్చీల ముందు ఆడవలసివచ్చింది.

హైదరాబాదు అనుభవం

ఈ చర్చ తెలుగువారికి దూరమైనది కాదు. ఎస్.ఎ. రహీమ్ శిక్షణలో 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఈ నగరానిదే. 2019లో పుణె సిటీ క్లబ్బు స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. 2021–22 సీజన్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి విజేతగా నిలిచింది. మహమ్మారి కారణంగా ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. గచ్చిబౌలి మైదానంలో ఒక్క ఆట కూడా ఆడకుండానే నగరానికి ఆ కీర్తి దక్కింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది.

మరో నగరపు స్థానంలో వచ్చిన క్లబ్బు వేరొక నగరానికి వెళ్లిపోవడంలో వింతేమీ లేదని వాదించవచ్చు. లీగ్ స్థానం కొనుగోలు ద్వారా వచ్చినదే కాబట్టి అమ్మకం ద్వారా పోయిందనవచ్చు. కాని ఈ వాదన లీగ్ స్థానానికే వర్తిస్తుంది. 2022 విజయాన్ని తమదిగా భావించిన నగరవాసుల స్మృతి ఒప్పందపత్రంతోపాటు బదిలీ కాదు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. క్లబ్బు అవిచ్ఛిన్నతకు కంపెనీ నమోదు ఒక ఆధారమే కాని చాలిన ఆధారం కాదు. సొంత మైదానంపై హక్కు పోవడం తక్కిన విచ్ఛేదాలకు ద్వారం తెరుస్తుంది. స్మృతిని నిలుపుకోవాలంటే దానిని మోసే సంస్థ ఒకటి ఉండాలి: వింబుల్డన్‌లో డాన్స్ ట్రస్ట్, మెర్టన్ బరో కలిసి ఆ పని చేశాయి. వాటిలో ఏ ఒక్కటి లేకున్నా 1988 కప్పు నేడు మిల్టన్ కీన్స్ బీరువాలో ఉండేది.

హైదరాబాదులో సిటీ పోలీస్ జట్టు కాలం నుండి 2022 విజయం వరకు గల ఫుట్‌బాల్ సామగ్రిని, ఛాయాచిత్రాలను, పత్రికా వార్తలను, వృద్ధ క్రీడాకారుల జ్ఞాపకాలను ఒకచోట చేర్చి భద్రపరచడం తక్షణ కర్తవ్యం. నగరపాలక సంస్థ, విశ్వవిద్యాలయాలు, అభిమానులు పూనుకొంటేనే అది సాధ్యం. క్లబ్బులు మైదానాలు మారవచ్చు, పేర్లు మార్చుకోవచ్చు. ఒక ఊరు ఆడిన ఆట చరిత్ర ఆ ఊరిలోనే దొరకాలి.