స్నేహపూర్వక ఫుట్‌బాల్ మ్యాచ్‌లు - స్థానిక క్లబ్బుల పోటీ - ప్రేక్షకుల సంఖ్య

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని కనకమామిడి గ్రామం హైదరాబాద్ నుండి చేవెళ్ల మీదుగా బీజాపూర్ వెళ్ళే రహదారిపై నెలకొని ఉన్నది. ఇరువైపులా నిలిచిన మర్రిచెట్లకు ఈ రహదారి ప్రసిద్ధి. ఇదే మండలంలోని అజీజ్‌నగర్‌లో శ్రీనిధి దక్కన్ ఫుట్‌బాల్ క్లబ్‌కు చెందిన దక్కన్ అరీనా మైదానం ఉన్నది. సుమారు 1,500 మంది కూర్చుని చూడదగిన ఈ మైదానంలో ఆ క్లబ్ 2022-23 నుండి ఐ-లీగ్ మ్యాచ్‌లు ఆడింది. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ కూడా లీగ్‌లో ద్వితీయ స్థానం పొందింది. నగరానికి చెందిన మరొక క్లబ్ హైదరాబాద్ ఎఫ్.సి. 2025లో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారిన విషయం విదితమే. ఈ నేపథ్యంలో జంటనగరాల పరిసరాలలో ఫుట్‌బాల్‌కు ప్రేక్షకులు ఎందుకు వస్తారు, ఎందుకు రారు అన్న ప్రశ్న ప్రాధాన్యం సంతరించుకున్నది.

లీగ్ పట్టికలోగాని, ట్రోఫీ పోటీలోగాని లెక్కకు రాని ఆటను స్నేహపూర్వక మ్యాచ్‌గా వ్యవహరిస్తారు. గెలిచినా, ఓడినా పట్టికలో మార్పు ఉండదు. కావున దానికి వచ్చే ప్రేక్షకులు ఫలితం కోసం గాక, అతిథి కోసం వస్తారు. 1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టుకూ, మోహన్ బగాన్‌కూ జరిగిన ఆట ఇందుకు చక్కని ఉదాహరణ. దాదాపు 80 వేల మంది తిలకించిన ఆ మ్యాచ్ 2-2తో సమంగా ముగిసింది. అయితే అదే నగరంలో 1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్ల మధ్య జరిగిన ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు 1,31,781 మంది హాజరైనారు. ఆ రోజు విదేశీ అతిథి ఎవరూ లేరు. ఒకే ఊరికి చెందిన రెండు జట్లు, తరతరాల పట్టుదల మాత్రమే ఉన్నాయి.

అతిథి లేని స్నేహపూర్వక మ్యాచ్ పరిస్థితి ఎట్లుండునో 2018లో ముంబయిలో తేటతెల్లమైనది. జూన్ 1న భారత జట్టు చైనీస్ తైపీపై 5-0తో గెలిచిన ఆటకు వచ్చినవారు 2,569 మంది. మరునాడు కెప్టెన్ సునీల్ ఛెత్రీ మైదానానికి రావలసిందిగా అభిమానులను అభ్యర్థించగా, కెన్యాతో జరిగిన తదుపరి మ్యాచ్‌కు మైదానం నిండిపోయింది. పిలిస్తే వచ్చిన జనం సంతోషకరమే. కాని ప్రతి ఆటకూ కెప్టెన్ పిలవవలసి రావడం క్రీడ ఆరోగ్యానికి శుభసూచకం కాదు.

హైదరాబాద్‌కు అంతర్జాతీయ ఫుట్‌బాల్ కొత్త కాదు. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడలలో భారత జట్టు ఇక్కడే ఫైనల్ చేరి ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో ఓడి రజతం పొందింది. 2024 సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో జరిగిన ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో మారిషస్‌తో గోల్ లేకుండా సమంగా నిలిచి, సిరియా చేతిలో 0-3తో ఓడింది. అదే మైదానంలో నవంబరు 18న మలేషియాతో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్ 1-1తో ముగిసింది. అప్పటి భారత కోచ్ మనోలో మార్కెజ్ అంతకుముందు హైదరాబాద్ ఎఫ్.సి. కోచ్‌గా ఈ నగరానికి సుపరిచితుడు. 2025 డిసెంబరు 13న లియొనెల్ మెస్సీ రాక సందర్భంగా ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో ప్రదర్శన మ్యాచ్ జరుగగా వేలాది మంది తరలివచ్చారు. వారిలో ఎందరు ఆ తరువాత స్థానిక లీగ్ ఆట చూడటానికి వెళ్ళారన్నదే అసలు లెక్క.

ఒకప్పుడు ఈ నగరం జనాన్ని రప్పించుకున్న తీరు వేరు. ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకున్నది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57, 1957-58 సంవత్సరాలలో సంతోష్ ట్రోఫీ సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం పొందిన భారత జట్టులో నగరవాసులు పలువురున్నారు. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం వారిలో ఒకరు. రహీం ఈ ఆటగాళ్ళను స్థానిక పోటీలలోనే తీర్చిదిద్దారు. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు, బలహీనమైన కాలితోనే ఆడవలసిన టోర్నమెంట్లు ఆయన నిర్వహించారు. పేటల కుర్రవాళ్ళు తమకు తెలిసిన కుర్రవాళ్ళపై ఆడుతుంటే, చూసేవారికి ఇరుపక్షాలలోనూ పరిచయస్తులుండేవారు.

హైదరాబాద్ ఎఫ్.సి.కి ఆ అవకాశం దక్కలేదు. 2019లో ఏర్పడిన ఈ క్లబ్ ఒక్క సీజన్ సొంత మైదానంలో ఆడగానే కోవిడ్ వచ్చిపడింది. తదుపరి రెండు సీజన్లు గోవాలో, ప్రధానంగా ఖాళీ గ్యాలరీల మధ్య సాగాయి. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచినదీ గోవాలోనే. ఇక నగరంలోని రెండు క్లబ్బులు అప్పట్లో వేర్వేరు లీగ్‌లలో ఉండినందున పరస్పరం తలపడే సందర్భాలు అరుదుగా ఉండేవి. 2024 జనవరిలో సూపర్ కప్‌లో రెండూ ఒకే గ్రూపులో వచ్చినా వేదిక భువనేశ్వర్. హైదరాబాద్ క్లబ్బుల మధ్య పోటీ జరిగింది గాని, హైదరాబాద్ దానిని ప్రత్యక్షంగా చూడలేదు.

టికెట్లు లేని గ్రామ మైదానాలలో జనాన్ని లెక్కించడం ఒక చిక్కు. నిర్వాహకులు వేలు అంటారు, బందోబస్తు సిబ్బంది వందలు అంటారు, పత్రికలలో ఆ రెండింటి నడుమ ఒక అంకె వస్తుంది. అమెరికాలో హెర్బర్ట్ జేకబ్స్ అనే పాత్రికేయ ఆచార్యుడు 1960 దశకంలో సూచించిన పద్ధతి ప్రకారం, జనం ఉన్న స్థలాన్ని గళ్ళుగా విభజించి, పలుచగా ఉన్నచోట మనిషికి 10 చదరపు అడుగులు, కిక్కిరిసినచోట సుమారు నాలుగున్నర చదరపు అడుగులు చొప్పున లెక్క కట్టవలెను.

ఫుట్‌బాల్ మైదానానికి ఇంతకన్నా సులువైన దారి ఉన్నది. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల మైదానం చుట్టూ రెండు మీటర్లు విడిచి తాడు కడితే దాని చుట్టుకొలత 362 మీటర్లు. మనిషికి అర మీటరు చొప్పున ఒక వరుసలో సుమారు 720 మంది నిలుస్తారు. రెండు వరుసలు నిండితే అది దాదాపు దక్కన్ అరీనా సామర్థ్యంతో సమానం. ముంబయిలో భారత జట్టును చూసిన 2,569 మంది సుమారు మూడున్నర వరుసలు మాత్రమే అవుతారు. కనకమామిడి వంటి గ్రామం, పొరుగు గ్రామం జట్టుతో ఆడే ఆటకు తాడు వెంట రెండు వరుసలు నిండితే, ఆ సంఖ్యను తక్కువగా భావించనవసరం లేదు.

లెక్క ఒక్కసారి తీస్తే చాలదు. ఆట ఆరంభంలో చాలామంది ఇంకా దారిలోనే ఉంటారు, చివరి పది నిమిషాలలో కొందరు బస్సు కోసం కదులుతారు. కనుక ద్వితీయార్ధం మొదలైన పది, పదిహేను నిమిషాలకు నాలుగు వైపులా వరుసలు చూసి, ఎండ వైపు, నీడ వైపు విడివిడిగా రాసుకోవడం మేలు. అవే రెండు జట్లు మరుసటి నెలలో, మరుసటి ఏడాది తిరిగి తలపడినప్పుడు అదే సమయానికి, అదే విధంగా లెక్కించవలెను. మొదటి ఆటకు చుట్టాలు, స్నేహితులు వస్తారు. రెండవ ఆటకు ఓడిన ఊరివారు వస్తారు.